నాలుగు వెన్నుపూసలు

నేను ఎక్స్‌రేలు తీస్తాను. డాక్టర్ని కాను. పేషెంట్లు 'డాక్టర్ గారూ' అంటే మొదట్లో సరిదిద్దేవాణ్ణి, ఇప్పుడు పలికేస్తున్నాను. విశాఖపట్నంలో ఇరవై నాలుగేళ్ళుగా ఇదే పని. రోజుకి పది పన్నెండు మెడలైనా నా ముందుకొస్తాయి. ఒకప్పుడు మెడనొప్పి అంటే పోర్టులో మూటలు మోసేవాళ్ళు, డాక్‌యార్డులో తల పైకెత్తి వెల్డింగ్ చేసేవాళ్ళు వచ్చేవారు. ఇప్పుడు ఇంజినీరింగ్ పిల్లలు వస్తున్నారు, ఫోను చూసుకుంటూనే. "భుజాలు కిందకి వదిలేయండి, గడ్డం కొంచెం పైకి, కదలకండి." పక్క నుంచి తీసిన మెడ ఫిల్ములో ఏడు పూసలూ కనపడాలి, ఏడో పూస కింద ఛాతీ మొదటి పూస పై అంచు కూడా కనపడాలి. లేకపోతే రిపోర్టు రాసే మేడమ్ ఊరుకోరు, మళ్ళీ తీయాల్సిందే.

ఇదంతా ఎందుకంటే, ఈ పోస్టు ఒక డైనోసార్ గురించి. డైనోసార్ గురించి నీకేం తెలుసురా అంటే నా దగ్గరున్న జవాబు ఒకటే. మెడ పూసలు తెలుసు. ఆ జంతువుకి పేరు పెట్టినవాళ్ళ చేతిలో ఉన్నవి కూడా దాదాపు అవే.

పోయిన వేసవిలో ఊళ్ళోకి ఎగ్జిబిషన్ వచ్చింది. జెయింట్ వీలు, ఢిల్లీ అప్పడం, ప్లాస్టిక్ సామాన్ల కొట్లు ఎప్పుడూ ఉండేవే. ఈసారి కొత్తగా రబ్బరు డైనోసార్లు తెచ్చారు. లోపల మోటారు తిరుగుతుంటుంది, అవి తల ఊపుతూ అరుస్తుంటాయి. మా పాప ఎనిమిదో తరగతి. మనిషంత ఎత్తున్న వెలాసిరాప్టర్ బొమ్మ దగ్గర ఆగి, టికెట్లు చింపే కుర్రాడితో వాదన పెట్టుకుంది.

"అన్నా, ఇది తప్పు. అసలుది నీ మోకాలి కంటే కాస్త ఎత్తుంటుంది, అంతే. ఒంటి మీద ఈకలుండాలి."

"సినిమాలో ఇలాగే ఉంది కదమ్మా" అన్నాడు అతను. పాపం, మధ్యాహ్నం రెండింటి ఎండలో అతనికి అంతకంటే జవాబు ఎక్కడ దొరుకుతుంది?

ఇంటికొచ్చాక చూస్తే పాపే కరెక్టు. వెలాసిరాప్టర్ 1923లో మంగోలియాలోని గోబీ ఎడారిలో దొరికింది. మరుసటేడు ఆస్‌బోర్న్ అనే అమెరికన్ దానికి పేరు పెట్టాడు. ముక్కు కొస నుంచి తోక చివరి దాకా కొలిస్తే రెండు మీటర్ల లోపే, అందులోనూ సగానికి సగం తోక. 2007లో ఒక ముంజేతి ఎముక మీద వరసగా చిన్న చిన్న బుడిపెలు కనిపెట్టారు. కోడి రెక్క ఎముక మీద పెద్ద ఈకల మొదళ్ళు అతుక్కునే చోట అలాంటివే ఉంటాయి. రబ్బరు బొమ్మలు చేసేవాళ్ళకి ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

ఆ రాత్రి పడుకునే ముందు పాప అడిగింది. "నాన్నా, ఇలాంటి చిన్నది మన దేశంలో లేదా?"

మన దేశంలో డైనోసార్లంటే నాకు తెలిసింది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటసారస్. ఆదిలాబాద్ యామన్‌పల్లిలో దొరికింది, 1988లో యాదగిరి గారు పేరు పెట్టారు, తొమ్మిది మీటర్ల పొడవు. కానీ అది ఆకులు తినేది, చిన్నది అసలే కాదు, పైగా వెలాసిరాప్టర్ కంటే పది కోట్ల ఏళ్ళు ముందుది. పాపకి చిన్నది కావాలి, మాంసం తినేది కావాలి, డైనోసార్ల కాలం చివరి దశకి చెందింది కావాలి. ఇన్ని షరతులు పెళ్ళి సంబంధాలకి కూడా పెట్టరు.

వెతగ్గా వెతగ్గా దొరికింది. లేవిసూకస్ ఇండికస్.

పేరుకి అర్థం తేలికైన మొసలి. మొసలితో దానికేం సంబంధం లేదు, రెండు కాళ్ళ మీద నడిచే డైనోసారే. జబల్‌పూర్‌లో బడా సిమ్లా అనే చిన్న గుట్ట మీద, అక్కడి గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ దగ్గర్లో దొరికింది. మన డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నేవీ వాళ్ళున్నట్టు, అక్కడ గుట్ట పక్కన ఫిరంగి బళ్ళు చేసే ఫ్యాక్టరీ. ఛార్లెస్ మాట్లీ అనే ఇంగ్లీషాయన 1917 నుంచి 1919 దాకా ఆ గుట్టని తవ్వించి ఎముకలు పోగేశాడు. తర్వాత జర్మనీకి చెందిన ఫాన్ హ్యూనెతో కలిసి 1933లో వాటన్నిటి మీదా పెద్ద పుస్తకమంత వివరణ అచ్చు వేశాడు. అందులో ఒక్కసారే బోలెడు కొత్త పేర్లు పెట్టారు. ఇండోసారస్, ఇండోసూకస్, జబల్‌పూరియా, ఇంకా చాలా. ఆ గుంపులో చిన్నది మా లేవిసూకస్.

దానికి ఆధారం ఎన్ని ఎముకలు? నాలుగు. మూడు మెడ పూసలు, ఒక వీపు పూస. అరచేతిలో పట్టేంత చిన్నవి.

నాకు నవ్వొచ్చింది. మా మేడమ్‌కి మెడ ఫిల్ములో ఏడో పూస మసగ్గా ఉందంటే రిపోర్టు కింద 'పేషెంటుని చూసి పోల్చుకోవలెను' అని ఒక లైను రాస్తారు. ఇక్కడేమో నాలుగు పూసలు చూసి ఏకంగా జంతువుకి పేరు పెట్టారు, పోల్చుకోవడానికి పేషెంటు పోయి ఆరున్నర కోట్ల ఏళ్ళు దాటింది. కానీ ఆ పూసల బొమ్మలు చూశాక నవ్వు ఆగింది. పూస అంటే మనం అనుకునే గుండ్రటి బిళ్ళ ఒక్కటే కాదు. ముందు దిమ్మ ఉంటుంది, వెనక వెన్నుపాము వెళ్ళే కమాను ఉంటుంది, పైకీ పక్కలకీ కొమ్ములు ఉంటాయి, పై పూసతోనూ కింది పూసతోనూ అతికే తలాలుంటాయి. వాటి వంపులు చూసి మెడ నిటారుగా ఉండేదా, హంసలా వంపు తిరిగేదా చెప్పొచ్చు. కండరాలు ఎక్కడ పట్టుకున్నాయో ఆ కొమ్ముల గరుకుతనమే చెబుతుంది. నేను మెడ ఫిల్ము చూసి మనిషి వయసు సుమారుగా చెప్పగలను, తలగడ ఎత్తుగా వేసుకుంటాడని కూడా ఒక్కోసారి ఊహిస్తాను (ఇది రిపోర్టులో రాయరు).

ఇంకొకటి. ఈ జాతి జంతువుల మెడ పూసల పక్కన చిన్న గుంటలుంటాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన గాలి తిత్తులు ఆ గుంటల్లోంచి ఎముక లోపలికి దూరతాయి. అందుకే ఎముక తేలిక. ఎక్స్‌రేలో గాలి నల్లగా కనపడుతుంది, ఎముక తెల్లగా కనపడుతుంది. మనిషి పూసలో అలా నల్లటి గుల్ల కనపడితే నేను కంగారు పడాలి. పక్షుల్లో మాత్రం అదే మామూలు.

పక్షి అనగానే పాప లేచి కూర్చుంది. "నాన్నా, రేపు ఆదివారం కదా."

కంచరపాలెం మార్కెట్లో నేనెప్పుడూ వెళ్ళే చికెన్ కొట్టు ఉంది. అరకిలో మెడకాయలు విడిగా ఇమ్మంటే ఆయన నన్ను అదోలా చూశాడు. "కుక్కని తెచ్చారా సార్?" అన్నాడు. కాదు, పాప ప్రాజెక్టు అన్నాను. డబ్బులు తీసుకోలేదు. కార్జం, కందనకాయ కూడా కొంచెం వేశాడు, ప్రాజెక్టుకి పనికొస్తాయేమోనని.

ఉడకబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూసలన్నీ విడదీసి, డాబా మీద పాత న్యూస్‌పేపరు పరిచి ఆరబెట్టాం. కోడి మెడలో పద్నాలుగు పూసలు. మనిషికి ఏడు, జిరాఫీకి కూడా ఏడే, కోడికి పద్నాలుగు! అందుకే అది తల తిప్పి తన తోక మొదలు తనే గోక్కోగలదు. ఒక్కో పూస పక్కన ఉన్న చిల్లుల్లోకి గుండుసూది పెట్టి పాప నాకు చూపించింది. నేను ఇరవై నాలుగేళ్ళుగా మెడలు చూస్తున్నాను, నలభై ఏళ్ళుగా కోడి కూర తింటున్నాను, ఈ రెండిటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు.

మా అమ్మ పైకొచ్చింది. "ఏటిరా ఇది? శనివారం పూట మాంసం ముట్టనోడివి, ఇప్పుడు కోడి మెడలు వడియాల్లాగ ఎండెడతన్నావు?"

"డైనోసార్ నానమ్మా" అంది పాప.

"కోడి కాదేటి?"

"కోడి కూడా డైనోసారే."

అమ్మ ఒక నిమిషం ఆలోచించి, "అయితే మీ తాత జీవితంలో చానా తినీసినాడు" అని కిందకి వెళ్ళిపోయింది.

పాప సైన్స్ ఫెయిర్‌కి దీన్నే పెడతానంది. నేను వద్దనలేదు గానీ, ముందు అది ఏ జాతిదో సరిగ్గా తెలుసుకుందాం అన్నాను. తెలుసుకోబోతే అసలు కథ అక్కడుంది.

మాట్లీ, హ్యూనె దీన్ని మొదట వేరే గుంపులో వేశారు. సన్నటి ఎముకలు, చిన్న ఒళ్ళు కాబట్టి ఉత్తరార్ధగోళంలో దొరికే చిన్న మాంసాహారి డైనోసార్ల సరసన చేర్చారు. వాళ్ళ తప్పేం లేదు, అప్పటికి పోల్చడానికి ఉన్నవి అవే. 1980లో అర్జెంటీనాలో బొనపార్టే, పావెల్ అనే ఇద్దరు నోయాసారస్ అనే చిన్న డైనోసార్‌కి పేరు పెట్టారు. దాని ఎముకలు వెలుగులోకొచ్చాక గానీ మన జబల్‌పూర్ పూసలకి అసలు చుట్టాలెవరో తేలలేదు. యాభై ఏళ్ళ నాటి పాత ఫిల్ము మళ్ళీ లైటు బాక్సు మీద పెట్టి చదివినట్టన్నమాట. ఫిల్ము అదే. చదివేవాళ్ళకి ఈ మధ్యలో ఇంకో కేసు తగిలింది.

ఆ నోయాసారస్ దగ్గరే ఇంకో తమాషా జరిగింది. దానితోపాటు వంపు తిరిగిన పెద్ద గోరొకటి దొరికింది. వెలాసిరాప్టర్ కాలి రెండో వేలికి కొడవలి లాంటి గోరుంటుంది కదా, ఇది కూడా అలాంటిదే అనుకుని కాలికి పెట్టేశారు. బొమ్మలన్నిటిలోనూ అలాగే గీశారు. ఇరవై ఏళ్ళు పైనే గడిచాక తేలిందేమిటంటే అది కాలి గోరు కాదు, చేతి గోరు.

ఇది చదివి నేను వాళ్ళని ఒక్క మాట అనలేదు. అనే మొహం నాకు లేదు. పనిలో చేరిన కొత్తలో ఒక ఛాతీ ఫిల్ముకి సీసపు అక్షరం అటుది ఇటు పెట్టేశాను. కుడి అని ఉండాల్సిన వైపు ఎడమ అయింది. సాయంత్రం పెద్ద డాక్టరు గారు పిలిచి, ఫిల్ము లైటుకెత్తి చూపిస్తూ, "ఏమయ్యా, ఈయన గుండె కుడివైపుంది. ఇంటికి కబురు చేద్దామా, పేపరు వాళ్ళకి చేద్దామా?" అన్నారు. పేషెంటు ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఐదు నిమిషాల్లో సరిపోయింది. ఎదురుగా లేకపోతే ఆయన గుండె రికార్డుల్లో ఇప్పటికీ కుడివైపే ఉండేది.

నోయాసారస్ చుట్టాల్లో అందరికంటే బాగా దొరికింది మడగాస్కర్‌ది. పేరు మాసియాకాసారస్ నాఫ్లెరి. మసియాక అంటే అక్కడి భాషలో క్రూరమైనది అని. 2001లో పేరు పెట్టారు. పేరులో రెండో ముక్క మార్క్ నాఫ్లర్ అనే గిటారు వాయించే పాటగాడిది, తవ్వేటప్పుడు ఆయన పాటలు పెట్టుకుని వినేవారట, అవి పెట్టినప్పుడల్లా ఎముకలు దొరికేవట. దానికి కింది దవడ ముందు పళ్ళు నిలువుగా కాకుండా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. చేపల్నో చిన్న జంతువుల్నో చటుక్కున గుచ్చి పట్టడానికని ఒక ఊహ. పొడవు రెండు మీటర్ల చుట్టుపక్కల, ఒళ్ళు ఓ మాదిరి కుక్కంత.

"మనదానికి కూడా పళ్ళు అలాగే ఉండేవా?" అని పాప.

చుట్టరికాన్ని బట్టి ఉండొచ్చు అనుకోవచ్చు. కానీ మెడ ఫిల్ము చూసి పళ్ళ గురించి చెప్పమంటే నేను చెప్పను.

అర్జెంటీనా ఎక్కడ, మడగాస్కర్ ఎక్కడ, జబల్‌పూర్ ఎక్కడ? ఇవన్నీ ఒకప్పుడు ఒకే నేల. మన తూర్పు తీరం అంటార్కిటికాకి అతుక్కుని ఉండేది, మా విశాఖ కొండల్లాంటి రాళ్ళే ఇప్పటికీ అక్కడ మంచు కింద ఉన్నాయి. ముందు అంటార్కిటికా విడిపోయింది, తర్వాత దాదాపు ఎనిమిదిన్నర తొమ్మిది కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ విడిపోయింది. మా లేవిసూకస్ తిరిగేనాటికి ఇండియా సముద్రం మధ్యలో, భూమధ్యరేఖకి ఇంకా దక్షిణంగా, ఏటా పదిహేను సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి పరిగెడుతున్న పెద్ద దీవి. ఏడాదికి మన గోళ్ళు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతాయి. భూమి లెక్కలో పదిహేను అంటే హైవే మీద పోయినట్టే.

ఆ దీవిలో దాని చుట్టూ ఎవరెవరున్నారో కూడా కొంత తెలుసు. నర్మద వైపు రాజసారస్ అనే పెద్ద మాంసాహారి ఉండేది, దాని పేరు 2003లో పెట్టారు. పొడుగు మెడల శాకాహారులు గుంపులుగా గుడ్లు పెట్టేవి. గుజరాత్‌లో ఒక గూట్లో ఆ గుడ్ల మధ్య మూడున్నర మీటర్ల పాము చుట్ట చుట్టుకుని రాయైపోయింది, పక్కనే గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల ఉంది. మహారాష్ట్రలోని పిస్దురా దగ్గర శిలగా మారిన పేడ దొరికితే, 2005లో అందులో గడ్డి ఆనవాళ్ళు బయటపెట్టారు. తర్వాత పరిశీలిస్తే అందులో వరి వంశానికి చెందినవి కూడా ఉన్నాయి. ఇది అమ్మకి చెప్తే చాలా సంతోషించింది. పేడని అద్దాల కింద పెట్టి చూసే ఉద్యోగం ఉందని తనకి అప్పటిదాకా తెలియదు.

ఇంతకీ మన విశాఖలో ఎందుకు దొరకదని పాప బాధ. ఒక ఆదివారం ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్ళాను, భీమిలి దారిలో. అక్కడ జియాలజీ వాళ్ళ బోర్డు కూడా ఉంది, జాతీయ భూవారసత్వ ప్రదేశమని. ఎర్రటి గోడల మధ్య వంగి వంగి వెతికింది. దొరకదని నాకు తెలుసు. ఆ ఇసుక డైనోసార్లు పోయాక కోట్ల ఏళ్ళకి చేరింది, వేల ఏళ్ళ లెక్కలోది. కైలాసగిరి, సింహాచలం కొండలేమో దానికి పూర్తిగా ఉల్టా. ఖొండలైట్ రాయి, మన కోందు గిరిజనుల పేరే దానికి పెట్టారు. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ ఉడికి మళ్ళీ గట్టిపడిన రాయి, ఎముకలున్న జంతువులు పుట్టకముందే తయారైపోయింది. పగలగొడితే ఎర్రటి గోమేధికాల్లాంటి గింజలు వస్తాయి గానీ ఎముక రాదు. మా ఊరికి ఒకటి మరీ ముసలిది, ఇంకొకటి మరీ పసిది. మధ్యలో డైనోసార్ పేజీ లేదు.

ఇక బొమ్మ సంగతి. అసలు సైజులోనే చేద్దామంది. నేను జీఐ తీగ తెచ్చాను. థర్మాకోల్ చెక్కి, పైన కాగితం అతికించి, ఆకుపచ్చ రంగు వేద్దామని నా ప్లాను. పాప ఒప్పుకోలేదు. "మనకి తెలిసింది నాలుగు పూసలే కదా నాన్నా. అవి మాత్రమే చేద్దాం. మిగతాది ఉత్త తీగ." తీగ ఆకారం మడగాస్కర్ చుట్టం నుంచి అరువు తెచ్చుకున్నాం. నాలుగు పూసలు మాత్రం ఎం-సీల్‌తో చేసింది, పుస్తకంలో బొమ్మలు చూసి, కోడి పూసలు పక్కన పెట్టుకుని. పక్క గుంటలు అగరుబత్తి పుల్లతో పొడిచింది. నాలుగు రాత్రులు పట్టింది. నా భార్య రెండో రాత్రి "ఏవండీ, దానికి లెక్కల పరీక్ష ఉంది" అంది, మూడో రాత్రి తనే కూర్చుని వీపు పూసకి కొమ్ములు పెట్టింది.

పొద్దున్న బయల్దేరేటప్పుడు తెలిసింది, రెండు మీటర్ల జంతువు ఆటోలో పట్టదని. తల నా ఒళ్ళో, తోక అటు పక్క బయటికి. తాటిచెట్లపాలెం సిగ్నల్ దగ్గర వెనకాల బైకాయన హారన్ కొట్టి కొట్టి, చివరికి "బాబూ, ఇది యాంటెన్నానా?" అని అడిగాడు. ఆటో అతను వెనక్కి తిరిగి, "డైనోసారు! కనబళ్ళేదా?" అన్నాడు గర్వంగా. అతనికి ఎక్కినప్పటి నుంచి పాప చెబుతూనే ఉంది మరి.

స్కూల్లో బల్ల మీద పట్టక నేల మీద నిలబెట్టారు. జడ్జిగా వచ్చిన పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చుట్టూ తిరిగారు.

"అసంపూర్తిగా ఉన్నట్టుందే. తల ఏది?"

"పేరు పెట్టినరోజున వాళ్ళ దగ్గర ఈ నాలుగే ఉన్నాయి సార్. తెల్లగా ఉన్నది తెలిసింది, తీగ అంతా అనుకున్నది."

"చర్మం, రంగు వేసుంటే బాగుండేది."

"రంగు తెలీదు సార్."

ఆయన రాసుకుని వెళ్ళిపోయారు. బహుమతి రాలేదు. మొదటి బహుమతి అగ్నిపర్వతానికి వచ్చింది. తెలుసు కదా, మట్టి కొండ, వంటసోడా, వెనిగరు, ఎర్ర రంగు. ప్రతి ఏడూ అదే గెలుస్తుంది. నాకు ఒళ్ళు మండింది, పాపకి మాత్రం నవ్వాగలేదు. "నాన్నా, అప్పుడు కూడా అగ్నిపర్వతాలే గెలిచాయి!"

పూర్తిగా అవే గెలిచాయనలేం. డైనోసార్లు అంతరించడంలో మెక్సికో దగ్గర పడిన ఉల్కదే ప్రధాన పాత్ర అంటున్నారు, మన దక్కన్ పీఠభూమి మీద పొంగిన లావా వాటా ఎంతన్న దాని మీద వాదన తెగలేదు. కానీ మన దేశంలో లేవిసూకస్ లాంటి డైనోసార్ల ఎముకలున్న లమేటా అనే రాతి పొరల మీద లావానే కప్పుకుపోయి ఉంది, అందులో సందేహం లేదు. ఇప్పటికీ ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉందది. పడమటి కనుమల్లో రెండు కిలోమీటర్ల మందం.

దాని చివరి కొస ఎక్కడుందో నాకు సంక్రాంతికి తెలిసింది. మా అత్తవారిది కొవ్వూరు పక్క. ఇరవై ఏళ్ళుగా వెళ్తున్నాను. కొవ్వూరు నుంచి దేవరపల్లి వెళ్ళే దారిలో పంగిడి, గౌరీపట్నం దగ్గర నల్లరాతి క్వారీలు, మెటల్ క్రషర్లు ఉంటాయి. నిర్మలగిరి మేరీమాత చర్చికి వెళ్ళే జనం, లారీలు, దుమ్ము. ఎప్పుడూ కారు అద్దాలు ఎత్తుకుని దాటేసేవాణ్ణి. ఆ నల్లరాయే దక్కన్ లావా. పడమటి వైపు ఎక్కడో భూమి చీలికల్లోంచి పొంగి, వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ వచ్చి, అప్పటి గోదావరి తీరంలో సముద్రం దగ్గర ఆగింది. రాజమండ్రి ట్రాప్స్ అంటారు. రెండు లావా పొరల మధ్య సముద్రపు గవ్వలున్న పొర ఉంది. డైనోసార్ల కాలం ముగిసిన గీత కూడా ఆ మధ్యలోనే ఉందని అక్కడి గవ్వలంత కూడా లేని సూక్ష్మజీవుల్ని చూసి కొందరు శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు.

ఈసారి పాప కారు ఆపించింది. రోడ్డు పక్కన పడున్న నల్ల కంకర రాయి ఒకటి ఏరుకుంది. మా అత్తయ్య "పండగ పూట రాళ్ళేంటమ్మా" అంది. మా బావమరిది "మా ఊరి రోడ్లన్నీ దీంతోనే వేశాం, కావాలంటే లారీ లోడు పంపిస్తా" అన్నాడు.

ఆ రాయి ఇప్పుడు మా హాల్లో తీగ జంతువు కాళ్ళ దగ్గర ఉంది. జంతువు టీవీ పక్కన నిలబడింది. నా భార్య దాని తోక మీద అప్పుడప్పుడు చున్నీలు ఆరేస్తుంది.

ఒక సంగతి మధ్యలో చెప్పడం మర్చిపోయాను. మాట్లీ తవ్వించిన ఆ గుట్ట మీదే, అంతకు ముందు 1828లో, థగ్గులనే దారిదోపిడీ దొంగల్ని అణచిన స్లీమన్ దొర పెద్ద తోక పూసల్ని ఏరాడు. ఆసియా మొత్తంలో మొదట దొరికిన డైనోసార్ ఎముకలవి. చేతులు మారి మారి కనపడకుండా పోయాయి. 2012లో కలకత్తాలో ఒకటి మళ్ళీ దొరికింది. మా లేవిసూకస్ పూసలకీ అదే గతి, ఎక్కువ భాగం తర్వాత కనపడలేదు. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు పాపకి చాలా కోపం వచ్చింది. "నాలుగంటే నాలుగే కదా, అవి కూడా జాగ్రత్తగా పెట్టుకోలేరా?" అని.

మొన్న ఇంటికి సున్నాలు వేయించాం. సామాన్లన్నీ డాబా మీదకి ఎక్కించి, దించి, దులిపి సర్దేసరికి తీగ జంతువు మెడలో రెండు పూసలే ఉన్నాయి. మూడోది లేదు. మంచాల కింద, బియ్యం డబ్బా వెనకాల, అన్ని చోట్లా వెతికాం. సాయంత్రం అమ్మ మెల్లిగా చెప్పింది.

"డాబా మీద పడుంటే నానే పారీసినానమ్మా. మొన్న మీరు ఎండెట్టిన వాటిల్లోదనుకున్నాను. నిజెం ఎముకలాగే ఉంది మరి."

నేను పాప మొహం వైపు చూశాను, ఏడుస్తుందేమోనని.

"నిజం ఎముకలాగే ఉందా నానమ్మా?" అంది. "ఒట్టు?"